ఒక దేశం పుట్టిన కొండ

కాలి కింద గడ్డి కరకరలాడుతోంది. రాత్రి కురిసిన మంచు ఇంకా గడ్డకట్టే ఉంది. ఇది 1824, భూమికి ఈ దక్షిణ కొసన చలి ముదిరిన కాలం. మీ ముందు నడుస్తున్న మనిషి ఒంటి మీద పశువు తోలు, ఆ తోలు మడతలో పసిబిడ్డ. వెనక ఆవుల మంద. వాటి ముట్టెల్లోంచి ఆవిరి పొగలా లేస్తోంది. గుంపులో ఎవరూ గొంతెత్తడం లేదు. బూతా-బూతే కొండ వదిలి దక్షిణానికి బయలుదేరిన వీళ్లు వంద కిలోమీటర్లకు పైగా నడవాలి. దారిలో తలదాచుకునే ఊరంటూ లేదు. ఊళ్లుండిన చోట్ల కూలిన దొడ్ల గోడలు, గడ్డి మొలిచిన పొయ్యిలు కనిపిస్తున్నాయి.

కొన్నేళ్లుగా ఈ ఎత్తు నేలల మీద మనిషిని మనిషి తరుముతున్నాడు. తూర్పున జూలూ రాజ్యం బలిసి చుట్టుపక్కల తెగలను పెకలించింది. ఆ తెగలు పర్వతాలు దాటొచ్చి వేరొకరి మీద పడ్డాయి, వాళ్లు ఇంకొకరి మీద. పడమటి నుంచి తుపాకులతో, గుర్రాల మీద వచ్చే దోపిడీ దండులు పశువులనూ పిల్లలనూ తోలుకుపోతున్నాయి. వానలు మొహం చాటేశాయి. ఇక్కడి సోతో జనం ఈ గడ్డుకాలాన్ని లిఫకానే అంటారు. కొడుకు చిన్నవాడని తానే త్లోక్వా తెగను ఏలుతున్న మాంతాతిసి అనే రాణి దండెత్తి వచ్చి బూతా-బూతేను చుట్టుముట్టింది. కొండ మీద గింజలు అడుగంటాయి. ఇక ఆ కొండ తమను కాయలేదని తేలిపోయాకే ఈ నడక.

గుంపును నడిపిస్తున్నవాడు నలభైకి దగ్గరపడుతున్నాడు. మొఖచానే అనే చిన్న నాయకుడి కొడుకు. తల్లిదండ్రులు పెట్టిన పేరు లెపోకో. కుర్రతనంలో పొరుగు నాయకుడి పశువులను నున్నగా గడ్డం గీసినట్టు ఎత్తుకొచ్చాడని మొష్వేష్వే అన్న పేరు పడింది. ఆ దుడుకు రోజుల్లోనే మొహ్లోమి అనే పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. మొహ్లోమి వైద్యుడు, నాయకుడు, ఊరూరా తిరిగినవాడు. పేదల మాట విను, చంపడం కంటే చుట్టరికం కలుపుకోవడం మేలు, మంత్రగత్తెలన్న నింద మోపి ఎవరినీ చంపకు అని ఆయన చెప్పాడంటారు. ఎత్తుకొచ్చిన పశువుల లెక్కతో మగతనం కొలుచుకునే కుర్రవాడికి ఆ మాటలు ఆ రోజే ఎక్కి ఉండవు. ఇప్పుడు ఈ చలిలో, వెనకబడిన ముసలివాళ్లను మాటిమాటికీ తిరిగి చూస్తూ నడుస్తున్నాడు.

వెనకబడ్డవాళ్లలో ఆయన తాత పేటే కూడా ఉన్నాడు. కొండదారి మలుపు దగ్గర ఒక కేక వినిపించి ఆగిపోయింది. కరువు కొందరిని గుహల్లోకి నెట్టి, మనిషి మాంసానికి అలవాటు చేసింది. రాకొత్స్వానే అనేవాడి గుంపు చేతికి పేటే చిక్కాడు. వెనక్కి వెళ్లి వెతికే వీలు లేదు. ఆగితే మిగతా అందరూ పోతారు. మొష్వేష్వే ఆగలేదు.

కొండ కనిపించేసరికి పొద్దు వాలుతోంది. చుట్టూ చదునైన లోయ. మధ్యలో నిటారు ఇసుకరాతి గోడలతో, పైన బల్లపరుపుగా ఉన్న మెట్ట. లోయ నుంచి దాని ఎత్తు వంద మీటర్లకు కాస్త పైన, అంతే. ఆకాశాన్నంటే పర్వతమేమీ కాదు. కానీ పైకి వెళ్లడానికి రాతి చీలికల్లాంటి కొద్దిపాటి దారులే ఉన్నాయి. మిగతా చుట్టుకొలతంతా మేకకు కూడా పట్టు దొరకని గోడ. పైన గడ్డి ఉంది, ఎండని ఊటలున్నాయి. ఒక జనాన్నీ, వాళ్ల మందలనూ నెలల తరబడి నిలబెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? చీకట్లోనే ఎక్కారు, చీకట్లోనే దారులకు కాపలా పెట్టారు. ఆ రాత్రిని పట్టుకునే కొండకు థాబా బొసియూ, అంటే రాత్రి కొండ, అని పేరు వచ్చింది. రాత్రివేళ ఈ కొండ పెరుగుతుందనీ, పగలు మామూలుగా కనిపించినా చీకటిలో ఎక్కబోయిన శత్రువుకు ఎంతకూ అందదనీ తర్వాత కథలు కట్టారు.

పైన మొదటి రోజుల్లో చేసిన పని గోడలు కట్టడం, రాళ్లు పోగెయ్యడం. ఏడేళ్ల తర్వాత, 1831లో, ఆ రాళ్లు పనికొచ్చాయి. అంచు మీద బోర్లా పడుకుని కిందికి చూడండి. ఉత్తరం నుంచి వచ్చిన మ్జిలికాజి సేన, ఎన్డెబెలే యోధులు, దారుల కింద బారులు తీరారు. ఈ నేల మీద అప్పటికి వాళ్లకు ఎదురు నిలిచినవాడు అరుదు. పాట అందుకుని డాళ్లు ముందుకు పెట్టి ఎక్కడం మొదలుపెట్టారు. సగం దాకా రానిచ్చి, మీ పక్కనున్నవాళ్లు రాళ్లు వదిలారు. ఆ ఇరుకు దారిలో పక్కకు తప్పుకునే చోటు లేదు. రాళ్ల వెనకే ఈటెలు. రెండోసారి ఎక్కబోయారు, మళ్లీ అదే జరిగింది.

సేన తిరుగుముఖం పట్టినప్పుడు మొష్వేష్వే చేసిన పనిని సోతో పిల్లలు నేటికీ బడిలో వింటారు. బలిసిన ఎద్దులను కొన్నింటిని తోలించి, వెనుదిరిగిన సేనకు కబురు పంపాడు. మీరు ఆకలి మీద ఇంత దూరం వచ్చి ఉంటారు, తిరుగుదారిలో తినడానికి వీటిని ఉంచుకోండి అని. ఎన్డెబెలే మళ్లీ ఈ కొండ జోలికి రాలేదు. గెలిచినవాడు ఓడినవాడికి తిండి పెట్టడం దయ కావచ్చు. నాకు మాత్రం అందులో దయతో పాటు మంచి లెక్క కూడా కనిపిస్తుంది. అవమానంతో వెళ్లినవాడు తిరిగొస్తాడు, అన్నం తిని వెళ్లినవాడు తిరిగి రావడానికి కాస్త ఆలోచిస్తాడు.

ఆ లెక్కే దేశాన్ని కట్టింది. కొండ కిందికి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. ఊరు పోయినవాళ్లు, మంద పోయినవాళ్లు, నాయకుడు చచ్చినవాళ్లు. భాష వేరైనా, తెగ వేరైనా వచ్చినవాడికి ఆవును ఇస్తారు. ఆవు నాయకుడిదే, పాలు తాగేది మాత్రం పెంచుకున్నవాడు. దున్నడానికి ఎద్దును వాడుకోవచ్చు. ఈ ఏర్పాటును మఫీసా అంటారు. నిన్నటిదాకా దిక్కులేని మనిషి ఇవాళ పాడి ఉన్న ఇంటివాడయ్యాడు, పైగా ఆవు ఇచ్చినవాడికి కట్టుబడ్డాడు. బలగంతో జయించి పెంచిన రాజ్యం కాదిది, పాలు పోసి పెంచింది.

ఇదే కొండ మీద, పేటేను తిన్నవాళ్లను పట్టుకొచ్చిన రోజు కూడా మీరు ఉన్నారనుకోండి. రాకొత్స్వానే, అతని మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చుట్టూ మూగినవాళ్లు చంపమని అరుస్తున్నారు. న్యాయం అడిగితే చంపడమే. మొష్వేష్వే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నది విని జనం నిర్ఘాంతపోయారు. మా తాతకు ఇప్పుడు సమాధి అంటూ ఉంటే అది వీళ్ల కడుపులే, తాత సమాధిని నేనెలా తవ్వుతాను అన్నాడు. ఎద్దును కోయించి, సమాధి దగ్గర చేసే శుద్ధిని ఆ మనుషుల పొట్టల మీద చేయించాడు. పూర్వీకుల ఆత్మలను ఇక్కడ బలిమో అంటారు. వాళ్లకు చెల్లాల్సిన మర్యాద చెల్లింది. తర్వాత పశువులిచ్చి, భూమి చూపించి, ఇక మనుషుల్లా బతకండని పంపేశాడు. లోకంలో ఎందరో రాజుల క్షమాగుణం గురించి చదువుతాం. తనవాళ్లను తిన్నవాణ్ణి తన మతం మాటతోనే విడిపించి తన జనంలో కలుపుకున్న రాజు మరొకరెవరైనా ఉన్నారేమో, నాకు తెలిసి లేరు.

కొత్త మతం వచ్చింది కూడా ఆయన పిలుపు మీదే. మనం చదివిన ఆఫ్రికా చరిత్రలో పాదిరి పిలవకుండా వస్తాడు. ఇక్కడ రాజే కబురు పెట్టాడు. తుపాకుల దండులు తన మీదికే ఎందుకు వస్తున్నాయి, పాదిరులున్న తెగల జోలికి ఎందుకు పోవడం లేదు అని విచారించి, ఆడమ్ క్రోట్జ్ అనే గ్రీక్వా వేటగాడి ద్వారా కబురంపాడు. పాదిరిని తెప్పించుకోవడానికి పశువులు కూడా తోలించాడు. ఆ మంద దారిలోనే దోపిడీ అయింది, కబురు మాత్రం చేరింది. 1833లో పారిస్ ఇవాంజెలికల్ మిషన్ నుంచి ముగ్గురు ఫ్రెంచివాళ్లు కొండ ఎక్కి వచ్చారు. యూజేన్ కజాలిస్, తొమా ఆర్బూసే, కాన్‌స్తాన్ గోస్‌లాఁ. కజాలిస్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. చాప మీద కూర్చున్న రాజు ఎదుట, గుమిగూడిన వేలమంది మధ్య నిలబడ్డ ఆ కుర్రవాడు తన దేవుడి గురించి చెప్పాలని వచ్చాడు. రాజు అడిగింది తన జనానికి శాంతి ఎలా దొరుకుతుందని.

ఇద్దరి అవసరాలూ ఎక్కడో కలిశాయి. దక్షిణాన మొరిజాలో మిషన్‌కు చోటిచ్చి, తన కొడుకులను అక్కడికి చదువుకు పంపాడు. కొన్నేళ్లకు కజాలిస్ ఈ కొండ మొదట్లోనే కాపురం పెట్టాడు. తెల్లవాళ్ల ప్రభుత్వాలకు ఉత్తరాలు రాయడంలో రాజుకు కుడిభుజమయ్యాడు. సోతో భాషకు లిపి కుదిరింది. 1863లో మొరిజా నుంచి లెసెలిన్యానా అనే పత్రిక వచ్చింది. ఆఫ్రికా భాషల్లో తొలినాటి పత్రికల్లో అదొకటి. అదే మొరిజా అచ్చుపుస్తకాల దగ్గర పనిచేసిన థామస్ మొఫోలో రాసిన 'చాకా' నవల 1925లో వెలువడి ఖండం దాటి చదివించుకుంది. మత ప్రచారానికి తెచ్చిన అచ్చు యంత్రం ఒక భాషకు సాహిత్యాన్ని ఇచ్చింది.

1850ల్లో ఒక పగటిపూట కొండ మీద పిత్సో జరుగుతోంది, అందులో కూర్చోండి. పిత్సో అంటే నాయకుడు పిలిచిన జనసభ. మగవాళ్లు గొంతుక్కూర్చుని అర్ధచంద్రంగా సర్దుకున్నారు. రాజు మాట ముందు రాదు, చివర వస్తుంది. అంతకు ముందు ఎవరైనా లేవచ్చు, రాజును మొహం మీదే తప్పుపట్టచ్చు, ఆ మాటకు శిక్ష ఉండదు. ఒకతను లేచి, తెల్లవాడికి మేత భూమి ఎందుకు వదిలావని రాజును నిలదీస్తున్నాడు. రాజు తల దించుకుని వింటున్నాడు. జనం వల్లే నాయకుడు నాయకుడన్న సామెత వీళ్లకు ఊరికే పుట్టలేదు. ఇలాంటి సభల తర్వాతే ఆయన చట్టాలు అచ్చయ్యాయి. 1854లో సారా అమ్మకం మీద నిషేధం. 1855లో మంత్రగాళ్లన్న నెపంతో మనుషులను చంపడం మీద నిషేధం. 1859లో వ్యాపారుల గురించి చేసిన చట్టం, నేల అమ్మకపు సరుకు కాదని చెప్పింది. ఇప్పటికీ ఈ దేశంలో భూమి జనానిదే, రాజు దానికి ధర్మకర్త.

ఆ సభలో ఆడవాళ్లు లేరు. ఆ లోటు ఈ కథలో చిన్నది కాదు, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కొండ చుట్టూ బిగుస్తున్న ఉచ్చు ఇప్పుడు వేరు. కేప్ కాలనీ నుంచి ఎడ్లబండ్లలో వచ్చిన బోయర్ రైతులు మొహొకారే నది రెండు ఒడ్డుల సారవంతమైన నేలలో పొలాలు గుర్తు పెట్టుకున్నారు. మేత కోసం ఉండనిచ్చానని రాజు అన్నాడు. మాదేనని వాళ్లు అన్నారు. 1852 డిసెంబరులో బ్రిటిష్ సేనాని కాత్‌కార్ట్ బెరియా పీఠభూమి మీదికి దండెత్తి, సోతో రౌతుల చేతిలో దెబ్బతిని ఆగాడు. ఆ రాత్రే మొష్వేష్వే ఉత్తరం రాయించాడు. మీ బలం చూపించారు, పశువులను పట్టుకున్నారు, ఇక చాలు, శాంతి ఇవ్వండి అని దాని సారం. గెలిచే దశలో ఉన్నవాడు ఓడినవాడిలా రాసిన ఆ ఉత్తరం పట్టుకుని కాత్‌కార్ట్ పరువుతో వెనుదిరిగాడు. ఎన్డెబెలేకు ఎద్దులిస్తే, బ్రిటిష్ వాడికి పరువిచ్చాడు. కానీ 1854లో బ్రిటన్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌గా మారిన నేలను బోయర్లకు వదిలేసి వెళ్లింది. పొరుగువాడితో తేల్చుకోవాల్సింది ఇక ఈయన ఒక్కడే.

1865 ఆగస్టు 15. మీరు ఖుబెలు దారి పైఅంచున రాతి అడ్డుగోడ వెనక ఉన్నారు. కొండ మీది అన్ని దారుల్లోకీ ఇదే వెడల్పయింది, ఎర్రమన్ను, రాళ్లు. కింద ఫిరంగులు పొద్దుటి నుంచి మోగుతూనే ఉన్నాయి. గుండు తగిలిన చోట ఇసుకరాయి పొడిగా రాలుతోంది. లౌ వెపెనర్ అనే బోయర్ సేనాని వెంట వచ్చేవాళ్లను పిలిచి, తానే ముందు ఎక్కుతున్నాడు. ధైర్యవంతుడు, ఆ మాట శత్రువులే ఒప్పుకున్నారు. గోడకు గోడకూ మధ్య దేకుతూ పైఅంచు దగ్గరి దాకా వచ్చాడు. ఒక తుపాకీ పేలింది, వెపెనర్ పడిపోయాడు. వెనక ఎక్కుతున్నవాళ్లు కాసేపు తటపటాయించి దిగిపోయారు. కొండ నిలిచింది.

పొలాలు నిలవలేదు. కొండ ఎక్కలేనివాడు పంటకు నిప్పు పెట్టగలడు, పశువులను తోలుకుపోగలడు. ఆ యుద్ధం అలాగే సాగింది. 1866లో కుదిరిన సంధిని సోతో జనం జొన్నల సంధి అన్నారు. చేలో నిలిచిన జొన్నను కోసుకోనివ్వడం కోసం నేల వదులుకుంటూ సంధికి ఒప్పుకున్నారు. కోత అయ్యాక మళ్లీ యుద్ధం. ఎనభై దాటిన రాజు ఎప్పటినుంచో అడుగుతున్నది చివరికి 1868 మార్చి 12న జరిగింది. కేప్ గవర్నర్ ఫిలిప్ వుడ్‌హౌస్ ఈ నేలను బ్రిటిష్ రాణి రక్షణలోకి తీసుకుంటున్నట్టు ప్రకటించాడు. ఈ వుడ్‌హౌసే 1872లో బొంబాయి గవర్నరుగా మన దేశం వచ్చాడు. 1869లో అలివాల్ నార్త్‌లో గీసిన సరిహద్దు మొహొకారే నదే. నదికి పడమట ఉన్న మంచి నేలంతా ఫ్రీ స్టేట్‌కు పోయింది. ఆ బేరంలో జనం బతికారు, అన్నం పెట్టే చేలు పోయాయి. దేశం దేశంగా మిగలడానికి ఇచ్చిన ధర అది, ఇంకా తీరలేదు.

1870 మార్చి. కొండ మీద రాజు మంచాన పడ్డాడు. గదిలో ఒక పక్క ప్రొటెస్టంటు పాదిరులు. మరో పక్క 1862లో వచ్చి రోమా లోయలో మిషన్ పెట్టిన కేథలిక్ ఫాదర్లు. వాళ్లలో జోసెఫ్ జెరార్ ఊరూరా గుర్రం మీద తిరిగి జనానికి దగ్గరైనవాడు. 1988లో పోప్ రెండో జాన్ పాల్ మసేరుకు వచ్చి ఆయనను ధన్యుడిగా ప్రకటించాడు. ముప్పై ఏడేళ్లు క్రైస్తవాన్ని విన్న ముసలిరాజు ఎవరి చేతి మీదుగానూ మునగలేదు. భార్యలు ఎందరో, పూర్వీకులకు చెయ్యాల్సినవి ఎన్నో, కలుపుకోవాల్సిన జనం రెండు పక్కలా ఉన్నారు. చివరికి బాప్తిస్మానికి ముహూర్తం పెట్టారు. ఆ రోజు రాకముందే, మార్చి 11న కన్నుమూశాడు. ఏ ఒక్క గుడికీ చెందకుండా వెళ్లిపోయినవాడు కాబట్టే అందరూ తమవాడే అంటారు. మార్చి 11 నేటికీ దేశమంతా సెలవు.

తర్వాతి నూరేళ్లు గబగబా దాటుదాం. 1871లో బ్రిటన్ ఈ నేలను కేప్ కాలనీ చేతిలో పెట్టింది. 1880లో తుపాకులు అప్పగించమని కేప్ హుకుం వేస్తే జనం తిరగబడ్డారు. వజ్రాల గనుల్లో కూలి చేసి కొనుక్కున్న తుపాకులవి. మొష్వేష్వే కొడుకు మసోఫా ఈ కొండనే కోట చేసుకున్నాడు. కేప్ అలసిపోయింది. 1884లో, బ్రిటిష్‌వాళ్లు బసుటోలాండ్ అని పిలిచిన ఈ నేల నేరుగా బ్రిటన్ కిందికి వెళ్లింది. ఆనాడు ఆ తుపాకులు దించి ఉంటే ఈ దేశం దక్షిణాఫ్రికాలో కలిసిపోయి, వర్ణవివక్ష కింద ఒక మూలగా మిగిలేది. 1966 అక్టోబరు 4న లెసోతో అన్న పేరుతో ఈ దేశం స్వతంత్రమైంది. విస్తీర్ణం సుమారు 30 వేల చదరపు కిలోమీటర్లు, నాలుగు వైపులా దక్షిణాఫ్రికా.

స్వాతంత్ర్యం వచ్చాక పిత్సో మర్యాద ప్రభుత్వానికి అబ్బలేదు. 1970లో ఎన్నికల్లో ఓడిపోతున్నానని తెలిసిన ప్రధాని లియాబువా జొనాథన్ ఫలితాలనే రద్దు చేసి అత్యవసర పరిస్థితి పెట్టాడు. 1986లో సైన్యం ఆయనను దించింది. 1990లో రాజు రెండో మొష్వేష్వేను గద్దె దించి కొడుకు మూడో లెట్సీని కూర్చోబెట్టారు. 1995లో తండ్రి తిరిగొచ్చాడు, మరుసటి ఏడే కారు ప్రమాదంలో పోయాడు. 1998లో ఒకే పార్టీ 80లో 79 స్థానాలు గెలుచుకుంది. ఓడినవాళ్లకు సభలో చోటే లేకపోయింది. వీధిలో మంట లేచింది, పొరుగు దేశాల సైన్యం దిగింది, రాజధాని మసేరు నడిబొడ్డు కాలిపోయింది. ఆ బూడిదలోంచే ఎన్నికల పద్ధతి మార్చారు. 80 నియోజకవర్గాలతో పాటు, ఓట్ల వాటాను బట్టి మరో 40 స్థానాలు. ఓడినవాడికీ సభలో పీట వెయ్యడం కొత్త సంగతేమీ కాదు, ఆ దేశ స్థాపకుడు చేసిన పనే. ఎగువ సభ సెనేట్‌లో 33 మంది. వాళ్లలో 22 మంది వంశపారంపర్య ప్రధాన నాయకులు. రాజు రాజ్యమేలడు, రాజ్యాంగం ఆయనకు గౌరవం ఇచ్చి అధికారం ప్రధాని చేతిలో పెట్టింది. 2022 నుంచి ఆ ప్రధాని శామ్ మతెకానే. వ్యాపారిగా ఎదిగి, పార్టీ పెట్టిన ఏడాదే గెలిచినవాడు.

ఇప్పుడు ఆగస్టు చివర్లో, ఎండ కాస్త వెచ్చబడ్డ ఉదయాన ఖుబెలు దారినే ఎక్కండి. లోయలో పీచ్ చెట్లు ఆకు లేకుండా గులాబీ రంగు పూతతో నిండి ఉన్నాయి. దారి చూపే ఆయనను 'న్తాతే' అని పిలవాలి, ఇక్కడ ఏ మగవాడినైనా తండ్రీ అన్నట్టే పిలుస్తారు. ఆడమనిషైతే 'మ్మే'. ఆయన ఒంటి మీద ఉన్ని దుప్పటి, పెద్ద పిన్నీసుతో భుజం దగ్గర బిగించి ఉంది. పైన గాలి తోసేస్తుంది. రాజు ఇంటి మొండిగోడలు, వాటికి ఎడంగా సమాధులు. మొష్వేష్వేది రాళ్ల పోగు. ఆ వంశపు రాజులను తెచ్చి ఇక్కడే పూడ్చారు, రెండో మొష్వేష్వేతో సహా. తూర్పున కిలోవానే శిఖరం కోసుగా నిలబడి ఉంది. జాతీయ జెండా మధ్యలో కనిపించే గడ్డిటోపీ, మొకొరొత్లో, ఆ శిఖరం రూపమేనంటారు.

సమాధుల దగ్గర మీరు ఒంటరిగా ఉండరు. తెల్లగౌన్ల మీద ఆకుపచ్చ పట్టీలు కట్టుకున్న జియోన్ సంఘం వాళ్లు ఊట నీటిని సీసాల్లో పట్టుకుంటున్నారు. పక్కన ఒకామె చేతిలో జపమాల. ఈ దేశంలో పదింట తొమ్మిది మంది క్రైస్తవులు, కేథలిక్కులే అందరికంటే ఎక్కువ. బడులు చాలావరకు గుళ్లవే. అయినా ఇంట్లో చావో కష్టమో వచ్చినప్పుడు బలిమోకు జొన్న అంబలి పులియబెట్టకుండా, మేకను కోయకుండా ఊరుకునే కుటుంబాలు తక్కువ. ఇందులో కపటమేమీ లేదు. తాత సమాధి ఎవరి కడుపులో ఉన్నా దానికి మర్యాద చెయ్యాలన్న రాజు దగ్గర నేర్చుకున్న మతం ఇది.

పడమరగా ఇరవై కిలోమీటర్ల అవతల మొహొకారే. 2023లో లెసోతో పార్లమెంటులో ఒక సభ్యుడు, ఫ్రీ స్టేట్ మొత్తమూ, పొరుగు రాష్ట్రాల్లో భాగాలూ తమవేనని ప్రకటించాలంటూ తీర్మానం తెచ్చాడు. అది నెగ్గే మాట కాదు. కానీ ఆ నేల మీదికి కూలికి వెళ్లడానికి పాస్‌పోర్టు చూపించి వంతెన దాటే జనం దాన్ని నవ్వి వదిలెయ్యలేదు. 1980ల చివర లక్షకు పైగా సోతో మగవాళ్లు దక్షిణాఫ్రికా గనుల్లో ఉన్నారు. ఇప్పుడు గనులు తగ్గాయి. దేశం అమ్ముకుంటున్నవాటిలో నీరు ఒకటి. 1986 ఒప్పందం ప్రకారం కొండల్లో 185 మీటర్ల ఎత్తున కట్టిన కాట్సే ఆనకట్ట నుంచి సొరంగాల్లో నీళ్లు జొహానెస్‌బర్గ్ వైపు పోతాయి. ఆనకట్ట కోసం మేత భూములు మునిగినవాళ్లు నష్టపరిహారం గురించి ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

కిందికి దిగితే ఊళ్లో పిత్సో జరుగుతోంది, వెళ్లండి. రేకుల కప్పు ఆఫీసు ముందు జనం కూర్చున్నారు. దుప్పట్లు, గడ్డిటోపీలు, ఇండిగో రంగు షెష్వేష్వే గుడ్డతో కుట్టిన గౌన్లు. ఇప్పుడు ఆడవాళ్లే ఎక్కువ. కుర్చీలో ఉన్న నాయకురాలు కూడా ఆడమనిషే. భర్త పోయాక ఆయన స్థానంలో వచ్చింది. ఈ దేశాన్నే 1941 నుంచి 1960 దాకా మాంట్సెబో అనే ఆమె రాజప్రతినిధిగా ఏలింది. అయినా ఒక ప్రధాన నాయకుడి కూతురు తండ్రి స్థానం తనకు రావాలని కోర్టుకెక్కితే, 2013లో రాజ్యాంగ న్యాయస్థానం కుదరదంది. భార్యగా ఏలవచ్చు, కూతురిగా ఏలకూడదన్న ఈ నియమానికి మొహ్లోమి బోధలోనూ, మొష్వేష్వే బతుకులోనూ నాకు సమర్థన దొరకదు. అందరినీ కలుపుకున్న ఇల్లు ఇంట్లో పుట్టిన పిల్లను బయట నిలబెట్టడం అన్యాయం.

నేటి విషయం గొర్రెల దొంగతనం. ఇక్కడ పశువు అమ్మాలన్నా, తోలుకెళ్లాలన్నా నాయకుడి ముద్ర పడ్డ కాగితం ఉండాలి. ఎవరి కాగితం మీద ఎవరి జీవాలు పోతున్నాయో అన్నదే గొడవ. ఒక ముసలాయన ముందుగా ప్రార్థన చదివాడు. తర్వాత రబ్బరు బూట్లు వేసుకున్న కాపరి కుర్రాడు లేచి, పోయిన జీవాల చెవి గుర్తులు చెప్పాడు. ఇద్దరు ముగ్గురు మాట్లాడాక వెనక వరసలోంచి ఒక నడివయసు ఆమె లేచింది. దుప్పటి సర్దుకుని, నాయకురాలిని 'మొరెనా' అని మర్యాదగానే పిలిచి, ఆ గొర్రెలు ఈ ఆఫీసు ముద్ర మీదే సంతకు వెళ్లాయని అంది. సభ ఒక్కసారిగా అటు తిరిగింది. ఎవరో కూర్చోమని కసిరారు. ఆమె కూర్చోలేదు. నాయకురాలు చెయ్యెత్తి కసిరినవాణ్ణి ఆపింది, ఆమె మాట పూర్తిగా చెప్పనిచ్చింది. తర్వాత లోపలి నుంచి రిజిస్టరు తెప్పించి, ఈ నెల ముద్ర వేసిన కాగితాలన్నీ పేరు పేరునా, జీవాల లెక్కతో సహా బయటికి చదవమని గుమాస్తాకు చెప్పింది. గుమాస్తా గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండో పేజీలో ఒక పేరు రాగానే ముగ్గురు ఒకేసారి లేచి నిలబడ్డారు.